మొక్క నాటిన రోజే బిల్లు ముగిసిపోతే: పచ్చదనం టెండర్లపై పాఠకుల ప్రశ్నలు

రోడ్డు పక్క చెట్లు, పార్కులు, ఇంకుడు గుంతలు, వాననీటిని పట్టి ఇంకించే తోటలు. పట్టణాల్లో ఇవన్నీ టెండరు మీదుగానే వస్తాయి, చాలావరకు టెండరులోని లోపాలతోనే పోతాయి. ఆ టెండర్లు, ఒప్పందాలు, బిల్లుల గురించి వచ్చిన ప్రశ్నల్లో ఆరింటికి ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లాలో చిన్న మున్సిపాలిటీ. రెండేళ్ల కిందట మెయిన్ రోడ్డు పక్కన వెయ్యి మొక్కలు నాటించాం. ఇప్పుడు లెక్కపెడితే నాలుగు వందలు కూడా లేవు. కాంట్రాక్టరుకు బిల్లు మొత్తం వెళ్లిపోయిందట. మళ్లీ టెండరు పిలుస్తున్నారు. ఈసారి నేను ఏమేం పట్టుబట్టాలి?
(ఓ వార్డు కౌన్సిలర్)

జవాబు: ముందు పాత ఎస్టిమేటు కాపీ తెప్పించుకుని చూడండి. గుంత తవ్వకం, మొక్క, ఎర్రమట్టి, ఎరువు, ఊతకర్ర, ట్రీగార్డు అన్నీ వేర్వేరు ఐటమ్‌లుగా ఉంటాయి. చివర్లో 'నిర్వహణ' అని ఒక్క వరుస ఉంటుంది. మొత్తంలో ఆ వరుస వాటా ఎంతో లెక్కేయండి. పదో వంతు దగ్గర ఉందంటే మీ ఆరు వందల మొక్కలు ఎలా పోయాయో అక్కడే తెలిసిపోతుంది.

మన దగ్గర ఇలాంటి పనులకు ఒక్కో ఐటమ్‌కు విడిగా ధర వేయరు. ఎస్టిమేటు మొత్తం మీద ఇంత శాతం ఎక్కువ, లేదా ఇంత శాతం 'లెస్' అని కోట్ చేస్తారు. కాబట్టి ఏ పనికి ఎంత డబ్బు అన్నది కాంట్రాక్టరు చేతిలో ఉండదు, ఎస్టిమేటు రాసిన ఇంజినీరు చేతిలో ఉంటుంది. నాటే రోజుకే తొంభై శాతం డబ్బు వచ్చేలా రాసి, మిగతా పది శాతానికి మూడు వేసవులు ట్యాంకరు తిప్పమంటే ఎవరూ తిప్పరు. ఆ పది శాతం వదులుకోవడమే కాంట్రాక్టరుకు లాభం.

నీళ్ల లెక్క ఒకసారి వేసి చూడండి. నాటిన మొదటి వేసవిలో ఒక్కో మొక్కకు తడికి 20 లీటర్లు కావాలి. 5,000 లీటర్ల ట్యాంకరు 250 మొక్కలకు సరిపోతుంది. వెయ్యి మొక్కలంటే ఒక తడికి నాలుగు ట్యాంకర్లు. ఫిబ్రవరి మొదటి నుంచి జూన్ రెండో వారం దాకా 19 వారాలు. వారానికి రెండు తడులు వేసుకుంటే 38 తడులు, 152 ట్రిప్పులు. మీ ఊళ్లో ట్యాంకరు ట్రిప్పు ధర ఎంతో మీకు తెలుసు, దాంతో గుణించండి. ఆ మొత్తం ఎస్టిమేటులో 'నీళ్లు పోయడం' అని విడిగా, ట్రిప్పుల సంఖ్యతో సహా కనిపించాలి. కనిపించకపోతే టెండరు పిలవకముందే ఎస్టిమేటు సవరించమనండి. ఒకసారి నోటిఫికేషన్ వెళ్లాక దాన్ని కదిలించడం కష్టం.

డబ్బును విడతలుగా కట్టండి. మాకు బాగా నచ్చే పద్ధతి ఇదీ: నాటి ముప్పై రోజులు గడిచి మొక్క నిలదొక్కుకున్నాక 40 శాతం. వానలు తగ్గాక నవంబరులో లెక్కించి 15 శాతం. మొదటి వేసవి దాటాక జూలైలో 25 శాతం. రెండో వేసవి దాటాక 20 శాతం. ప్రతి విడతలోనూ ఆ రోజు బతికున్న మొక్కలకే డబ్బు. చచ్చిన చోట మళ్లీ నాటితే, పక్కనున్న మొక్కలు అప్పటికి ఎంత ఎత్తు ఉన్నాయో అంత ఎత్తు మొక్కే పెట్టాలని రాయండి. ఈ ఒక్క వాక్యం లేకపోతే లెక్కింపుకు ముందురోజు రాత్రి మూరెడు మొక్కలు గుచ్చి పోతారు. ఒక్కో మొక్కకు నంబరు బిళ్ల, జీపీఎస్ ఫొటో ఉండాలి. లెక్కింపు వార్డు సభ్యుల ఎదుట జరగాలి, అదే రోజు కొలతల పుస్తకం ఎం-బుక్‌లో ఎక్కాలి.

మొక్క కొలతలు కూడా ఒప్పందంలో అంకెల్లో ఉండాలి. 'మంచి ఆరోగ్యకరమైన మొక్క' అని రాస్తే ఏదైనా చెల్లిపోతుంది. ఎత్తు 2 మీటర్లకు తగ్గకుండా, మొదలు దగ్గర కాండం 2 సెంటీమీటర్ల మందానికి తగ్గకుండా, గుంత మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు అని రాయండి. లోడు దిగినప్పుడు వందకు రెండు సంచులు కోసి వేళ్లు చూడండి. సంచిలో ఎక్కువ కాలం ఉన్న మొక్కకు వేళ్లు సంచి అంచు వెంబడి గుండ్రంగా చుట్టుకుని తాడులా కనిపిస్తాయి. నాటాక కూడా అవి బయటికి పాకవు. ఆ మొక్క రెండేళ్లు పచ్చగానే ఉండి, మూడో ఏడు ఈదురుగాలికి మొదలుతో సహా ఒరిగిపోతుంది. అలాంటివి కనిపిస్తే లోడు తిప్పి పంపే హక్కు ఒప్పందంలో ఉండాలి. మొక్కల జాబితా కూడా జతచేయండి: వేప, కానుగ, నేరేడు, పొగడ వంటివి. త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ పెట్టించకండి. గుజరాత్ 2023లో దాన్ని నాటొద్దని నిషేధించింది.

ఇంకొకటి, ఇది మీకు నేరుగా తగిలేది. తెలంగాణ పురపాలక చట్టం 2019 ప్రకారం మున్సిపల్ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. ఆ 85 శాతం బాధ్యత చట్టం పెట్టింది మీ మీద, అధికారుల మీద. కాంట్రాక్టరు మీద కాదు. ఒప్పందంలో అదే అంకెను అతనికీ రాయకపోతే జవాబు చెప్పాల్సింది మీరొక్కరే అవుతారు.

ప్రశ్న: పార్కు పనికి 32 శాతం లెస్ వేసినవారికి ఇచ్చారు. ఆ ధరకు పని సాగదని అందరికీ తెలుసు. అందరికంటే తక్కువ ధర వేసినవారికి (ఎల్-1) తప్ప ఇంకెవరికీ ఇవ్వకూడదా?
(సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ)

జవాబు: ఇవ్వవచ్చు, అయితే దానికి దారి ముందే వేసుకోవాలి. కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరు 29న ఇచ్చిన సూచనల్లో, నాణ్యతే ముఖ్యమని ముందుగా ప్రకటించిన పనులకు నాణ్యతకూ ధరకూ కలిపి మార్కులు వేసే పద్ధతిని అనుమతించారు. నాణ్యత వాటా 30 శాతం మించకూడదు. ఇది కేంద్ర శాఖల కోసం ఇచ్చింది. మున్సిపాలిటీ వాడాలంటే రాష్ట్రం నుంచి ఉత్తర్వు ఉండాలి.

అది లేకపోయినా ఎల్-1 పద్ధతిలోనే చేతికి కొన్ని పట్లు ఉన్నాయి. 25 శాతం కంటే ఎక్కువ లెస్ వేసినవారి నుంచి అదనపు గ్యారంటీ తీసుకునే నిబంధన మన పనుల్లో చాలాకాలంగా ఉంది. 40 లక్షల పనికి 32 శాతం లెస్ అంటే 27.2 లక్షలు. 75 శాతం లెక్క 30 లక్షలు. తేడా 2.8 లక్షలకు బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. సివిల్ పనిలో ఆ గ్యారంటీని పని పూర్తయ్యాక తిరిగి ఇచ్చేస్తారు. పార్కులో 'పూర్తి' అంటే ఏ రోజు? గేటుకు రంగేసిన రోజా, రెండో వేసవి దాటిన రోజా? టెండరు పత్రంలో ఆ మాటకు అర్థం రాయకపోతే కాంట్రాక్టరు మొదటిదే అంటాడు, ఆడిట్ కూడా ఒప్పుకుంటుంది. నిర్వహణ గడువు ముగిసిన రోజే పూర్తయినట్టు అని రాసుకుంటే 32 శాతం లెస్ వేసే చెయ్యి కాస్త ఆగుతుంది.

ప్రశ్న: గుంటూరు జిల్లాలో పురపాలక ఇంజినీరింగ్ విభాగంలో ఏఈగా ఉన్నాను. రోడ్డు మీది వాననీరు దిగేలా ఒక రెయిన్ గార్డెన్ ప్రయోగంగా కట్టమన్నారు. ప్రభుత్వ ధరల పట్టిక ఎస్ఎస్ఆర్‌లో అలాంటి ఐటమే లేదు. మాది నల్లరేగడి. ఎస్టిమేటు, పని, కొలతలు ఎలా?

జవాబు: రెయిన్ గార్డెన్ అనే ఐటమ్ లేకపోయినా, దాన్ని విడదీస్తే చాలావరకు ఎస్ఎస్ఆర్‌లో ఉన్నవే వస్తాయి. తవ్వకం, 20 ఎంఎం కంకర, ముతక ఇసుక పరవడం, పీవీసీ పైపు, సీసీ అంచు రాళ్లు. మిగిలేవి రెండే: కలిపిన మట్టి, మొక్కలు. వాటికి మూడు కొటేషన్లు తీసుకుని రేటు డేటా (ధర ఎలా వచ్చిందో చూపే లెక్క) కట్టి, పై అధికారి ఆమోదం ఎస్టిమేటుకు జతచేయండి. 'లంప్‌సమ్‌గా ఒక రెయిన్ గార్డెన్' అని ఒక్క ఐటమ్ మాత్రం రాయకండి. అలా రాస్తే కొలవడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

కొలతలు ఇలా చూసుకోండి. తోటలోకి దిగే రోడ్డు 400 చదరపు మీటర్లు అనుకుందాం. 25 మిల్లీమీటర్ల వాన పడితే 10 ఘనమీటర్లు, అంటే 10,000 లీటర్లు. దానికి 25 చదరపు మీటర్ల తోట వేసుకుంటే, పైన 15 సెంటీమీటర్ల లోతున నిలిచే నీరు 3.75 ఘనమీటర్లు. దాని కింద 60 సెంటీమీటర్ల మట్టిపొరలో ఖాళీలు పావు వంతు అనుకుంటే ఇంకో 3.75. అడుగున 30 సెంటీమీటర్ల కంకరలో ఖాళీలు 40 శాతం, అంటే 3. మొత్తం 10.5. సరిపోయింది.

నల్లరేగడిలో నీరు అడుగుకు ఇంకదు. తడిస్తే ఆ నేల ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లిస్తుంది. కాబట్టి కంకర పొరలో 110 ఎంఎం చిల్లుల పైపు పెట్టి వాటంగా సైడు కాలువకు కలపాలి. రోడ్డు వైపు గోడకు మందపాటి ప్లాస్టిక్ (హెచ్‌డీపీఈ) షీటు దించాలి, లేకపోతే రోడ్డు అంచు కిందికి నీరు పాకి తారు (బీటీ) పగులుతుంది. ఎర్రనేలల్లో అయితే పైపు లేకుండా కూడా పని జరగవచ్చు, ముందు గుంతలో నీళ్లు పోసి ఇంకే వేగం కొలవాలి.

ఎక్కువ తోటలు పాడయ్యేది మట్టి దగ్గర. మన కాంట్రాక్టర్లకు 'గార్డెన్' అనగానే ఎర్రమట్టి గుర్తొస్తుంది. రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి పోసి తొక్కించేస్తారు. మొదటి వానకే అది గట్టిపడి పైన నీళ్లు నిలుస్తాయి, వారంలో దోమలు. ఇక్కడ కావాల్సింది మూడింట రెండు వంతులు కడిగిన ముతక ఇసుక, మిగతాది తేలిక మట్టి, పదో వంతు చివికిన కంపోస్టు. సైటులో సులువైన పరీక్ష: కలిపిన మట్టిని తడిపి పిడికిట్లో పిసకండి. చెయ్యి విప్పగానే వేలితో తడితే విడిపోవాలి. లడ్డూలా నిలిచిందంటే బంకమన్ను ఎక్కువైంది, వెనక్కి పంపండి. ఇసుక బదులు రోబో ఇసుక తెస్తే అందులోని మెత్తటి పొడి కడిగిందో లేదో చూడండి. కడగనిది సిమెంటులా పట్టేస్తుంది.

రెండో తప్పు ఎత్తు. లాన్ వేసినట్టు మధ్యలో గుట్టగా, రోడ్డు కంటే ఎత్తుగా మట్టి పోస్తారు. రోడ్డు నీరు దాని పక్కనుంచి పోతుంది, లోపలికి చుక్క దిగదు. తోట పైమట్టం, అంచు రాయిలో నీరు దిగడానికి కోసిన సందు కంటే 15 నుంచి 20 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. మొక్కలు పెరిగి ఆకులు రాలాక మట్టం ఇంకా పెరుగుతుంది కాబట్టి 20 దగ్గరే ఉంచడం మేలు. సందు వెడల్పు 30 సెంటీమీటర్లకు తగ్గితే ప్లాస్టిక్ కవరొకటి అడ్డం పడి మూసుకుపోతుంది. నీరు దిగే చోట చిన్న సీసీ తొట్టి కట్టండి. ఇసుక, చెత్త అక్కడే ఆగుతాయి, పారతో ఎత్తేయవచ్చు.

ఒప్పందంలో నాలుగు చోట్ల పని ఆపి మీరు సంతకం పెట్టాకే ముందుకు సాగాలని రాయండి: గుంత అడుగు తేలినప్పుడు, పైపు, కంకర పరిచాక, మట్టి నింపకముందు, చివరగా సందు మట్టం చూశాక. జేసీబీ తోట బయట నిలబడే తవ్వాలి. లోపలికి దిగితే ఆ బరువుకు అడుగు గట్టిపడి ఇంకడం తగ్గిపోతుంది. ఇంకా ముఖ్యమైనది పనుల వరుస. రోడ్డు పని, పక్కనున్న ఫుట్‌పాత్ పని మొత్తం అయ్యాకే తోట మట్టి నింపాలి. ముందే నింపితే కట్టడం దుమ్ము, సిమెంటు నీళ్లు అందులోకే దిగి, వాడకముందే పూడిపోతుంది.

పని అప్పగించే రోజున పరీక్ష ఒకటి పెట్టుకోండి. 5,000 లీటర్ల ట్యాంకరు తెచ్చి సందులోంచే నీళ్లు వదలండి. తోట అంచుదాకా నిండాలి, 24 గంటల్లో పైన నీరు మిగలకూడదు. మిగిలితే మట్టి మార్చాల్సింది కాంట్రాక్టరే, తన ఖర్చుతోనే. ఈ పరీక్ష టెండరు పత్రంలో ముందే ఉంటే మట్టి కొనేటప్పుడే అతను జాగ్రత్త పడతాడు. ఏడాది గడిచాక, తొలకరికి ముందు ఇదే పరీక్ష మళ్లీ చేసి, అప్పుడే చివరి విడత ఇవ్వండి.

ప్రశ్న: కడియంలో మాకు నర్సరీ ఉంది. పట్టణాల టెండర్లలో రిజిస్టర్డ్ సివిల్ కాంట్రాక్టర్లనే రానిస్తున్నారు. వాళ్లు మా దగ్గర మొక్కలు కొని, ఆరు నెలలైనా డబ్బివ్వడం లేదు. మేమే నేరుగా టెండరు వేయలేమా?

జవాబు: వేయగలరు, టెండరు ఎలా పిలిచారన్నదాన్ని బట్టి. 'వర్క్స్' కింద పిలిస్తే కాంట్రాక్టరు రిజిస్ట్రేషన్, తరగతి అడుగుతారు. అదే మొక్కల సరఫరాగానో, తోట నిర్వహణ సేవగానో పిలిస్తే సివిల్ రిజిస్ట్రేషన్ అవసరం ఉండదు. కాబట్టి మీరు అడగాల్సింది పనిని రెండుగా విడగొట్టమని: తవ్వకం, కట్టడం ఒక టెండరు, మొక్కలు, పెంపకం ఇంకో టెండరు. టెండర్లు వేయకముందు జరిగే ప్రీబిడ్ సమావేశానికి ముందే ఇది లిఖితంగా ఇవ్వండి. సమావేశంలో నోటిమాటగా అడిగినదానికి విలువ ఉండదు. రాసిచ్చినదానికి జవాబు సవరణగా వెలువడితే అది ఒప్పందంలో భాగమవుతుంది. 'ఇలాంటి పని చేసిన అనుభవం' అన్న నిబంధన కూడా చూడండి. అక్కడ సీసీ రోడ్ల అనుభవం చెల్లుతుందని రాసి, నర్సరీ అనుభవం చెల్లదని రాసి ఉంటే అదే ముందు అభ్యంతరం పెట్టాల్సిన చోటు. ఇరవై పార్కులను ఒక్క ప్యాకేజీగా కట్టి పిలవడం కూడా మీలాంటి వాళ్లను బయట పెట్టేదే. వార్డుల వారీగా విడగొట్టమని అడగండి.

పన్నుల తేడా మీకు పనికొచ్చే విషయం. మొక్కల మీద జీఎస్టీ లేదు. స్థానిక సంస్థకు చేసే స్వచ్ఛమైన సేవకు, అంటే వస్తువులు కలవని నిర్వహణకు, అది రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్‌లోని పనికి సంబంధించినదైతే మినహాయింపు ఉంది. పట్టణ అటవీకరణ, పార్కులు ఆ షెడ్యూల్‌లో ఉన్నాయి. వస్తువుల విలువ 25 శాతం దాటని మిశ్రమ సేవకూ మినహాయింపు ఉంది. అదే పనిని కట్టడంతో కలిపి వర్క్స్ కాంట్రాక్టుగా ఇస్తే 2022 జూలై 18 నుంచి 18 శాతం పడుతుంది. విడగొడితే మున్సిపాలిటీకే మిగులు అని లెక్కతో సహా చూపండి, వినే అవకాశం ఎక్కువ. మీ బిల్లులు ఎలా రాయాలో మాత్రం మీ అకౌంటెంటుతో ఒకసారి చూపించుకోండి.

డబ్బు ఎంత కాలం ఇరుక్కుంటుందో ముందే లెక్కేసుకోండి. మన ఇంజినీరింగ్ పనుల్లో మామూలుగా ధరావతు (ఈఎండీ) టెండరుతో 1 శాతం, ఒప్పందం రోజున ఇంకో 1.5 శాతం. ఆపైన ప్రతి బిల్లులోంచి 7.5 శాతం పట్టుకుంటారు. 20 లక్షల పనికి రెండు లక్షలు మీవి కావు అనుకుని ధర వేయండి.

ఇప్పటికి మధ్యవర్తి కాంట్రాక్టరుకే ఇస్తుంటే, వంద రూపాయల స్టాంపు కాగితం మీదైనా ఒప్పందం రాసుకోండి. 'మున్సిపల్ బిల్లు వచ్చాక' అన్న మాట అందులో ఉండకూడదు. లోడు దిగిన ఇన్ని రోజులకు అని తేదీ లెక్క ఉండాలి. దించుకున్నాక మొక్క చస్తే బాధ్యత ఎవరిదో, ఎన్ని రోజుల వరకో అందులోనే రాయండి. ప్రతి లోడుకూ సైటులో ఉన్నవాళ్ల సంతకంతో డెలివరీ చలానా తీసుకోండి.

ప్రశ్న: మేముండేది మేరీల్యాండ్‌లోని ప్రిన్స్ జార్జ్ కౌంటీ. ఇంటి పన్ను బిల్లులో క్లీన్ వాటర్ యాక్ట్ ఫీజు అని వేస్తారు. ఆ డబ్బుతో పచ్చదనం పనులను కొత్త రకం కాంట్రాక్టులతో చేయిస్తున్నారని విన్నాను. వాషింగ్టన్‌లో ఫలితాన్ని బట్టి డబ్బిచ్చే బాండు కూడా ఉందట. మన ఊళ్లకు పనికొస్తాయా?

జవాబు: మీ కౌంటీ 2015లో కార్వియాస్ అనే సంస్థతో 30 ఏళ్ల భాగస్వామ్య ఒప్పందం చేసుకుంది. మొదటి దశలో మూడేళ్లలో 10 కోట్ల డాలర్లతో, వాననీరు ఇంకని 2,000 ఎకరాల తారు, కాంక్రీటు మీది నీటిని శుద్ధి చేసే పనులు కట్టాలి. డిజైను, కట్టడం, ఆ తర్వాతి నిర్వహణ అన్నీ ఒకరి బాధ్యతే. కట్టినవాళ్లే చాలా ఏళ్లు శుభ్రం చేయాలంటే, పూడిక సులువుగా తీయగలిగేలా వాళ్లే కడతారు. స్థానిక చిన్న సంస్థలకు పని వాటా ఇవ్వాలన్న లక్ష్యమూ ఒప్పందంలో ఉంది.

వాషింగ్టన్ బాండు సంగతి ఇదీ. అక్కడి నీటి సంస్థ డీసీ వాటర్ 2016లో 2.5 కోట్ల డాలర్ల బాండు ఇచ్చింది, వడ్డీ 3.43 శాతం. ఆ డబ్బుతో రోడ్ల పక్కన నీరు ఇంకే కట్టడాలు కట్టి, కట్టకముందూ కట్టాకా వరదనీటి ప్రవాహాన్ని కొలిచారు. ప్రవాహం 41.3 శాతానికి మించి తగ్గితే డీసీ వాటర్ పెట్టుబడిదారులకు అదనంగా 33 లక్షల డాలర్లు ఇస్తుంది. 18.6 శాతం కంటే తక్కువ తగ్గితే పెట్టుబడిదారులే ఆమేరకు డీసీ వాటర్‌కు ఇస్తారు. మధ్యలో ఉంటే ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. 2021లో తేలిన ఫలితం దాదాపు 20 శాతం, అంటే మధ్య గడిలో, అడుగు గీతకు కాస్త పైన.

ఫిలడెల్ఫియా 2011లో మొదలుపెట్టిన 25 ఏళ్ల పథకంలో లెక్కించే తీరు కూడా మనం నేర్చుకోదగ్గది. అక్కడ ఎన్ని మొక్కలు, ఎన్ని గుంతలు అని కాకుండా, ఎన్ని 'పచ్చ ఎకరాలు' అని లెక్కిస్తారు. ఒక ఎకరం తారు మీద కనీసం అంగుళం వాన పడితే, ఆ నీటిని పట్టగలిగిన కట్టడాన్ని ఒక పచ్చ ఎకరం అంటారు. లీటర్లలో సుమారు 1.03 లక్షలు. కొలిచేది నీటిని కాబట్టి, నీరు పట్టని కట్టడం ఎంత అందంగా ఉన్నా లెక్కలోకి రాదు.

మన ఊళ్లకు బాండు ఇప్పుడే పనికిరాదు. కారణం డబ్బు కాదు. గ్రేటర్ హైదరాబాద్, విశాఖపట్నం కార్పొరేషన్లు 2018లోనే బాండ్లు ఇచ్చాయి. మన వార్డు కాలువల్లో ప్రవాహాన్ని కొలిచే పరికరం ఉండదు. పనికి ముందు అంకె లేకపోతే తగ్గింది ఎంతో ఎవరు చెబుతారు? మొదటి కొనుగోలు అదే కావాలి: ఒక వార్డు కాలువలో రెండు చోట్ల నీటిమట్టం నమోదుచేసే పరికరాలు, దగ్గర్లో ఒక వర్షమాపకం, రెండు వానాకాలాల అంకెలు. కౌంటీ పద్ధతిలోని 'కట్టినవారే నిర్వహించాలి' అన్న భాగం మాత్రం రేపటి టెండరులోనే పెట్టుకోవచ్చు.

ప్రశ్న: హైదరాబాద్ శివారులో మా కాలనీలో గత ఏడాది ఎనిమిది ఇంకుడు గుంతలు తవ్వారు. వాన పడితే నీళ్లు పైనే నిలుస్తున్నాయి. కాంట్రాక్టరు ఎవరో, ఎంత ఖర్చో ఎవరూ చెప్పడం లేదు. కాలనీ సంఘంగా ఏం చేయాలి?

జవాబు: సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో దరఖాస్తు పెట్టండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. 'వివరాలు ఇవ్వండి' అని పొడిగా అడగకండి. సాంకేతిక మంజూరు పొందిన ఎస్టిమేటు, డ్రాయింగు, ఒప్పందం, ఈ ఎనిమిది గుంతల ఎం-బుక్ పేజీలు, చెల్లించిన బిల్లులు, ఒప్పందంలోని లోపాల బాధ్యత గడువు (పని చెడితే కాంట్రాక్టరే బాగుచేయాల్సిన కాలం) అని పేరుపేరునా అడగండి. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. చట్టంలోని 2(జె) ప్రకారం పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నుంచి ధ్రువీకరించిన నమూనా తీసుకునే హక్కు కూడా మీకున్నాయి. ఆ వాక్యం దరఖాస్తులో రాయండి.

ఎం-బుక్ వచ్చాక ఒక గుంత మూత తీయించి కొలవండి. ఎస్టిమేటులో అడుగున 40 ఎంఎం కంకర, మీద 20 ఎంఎం, పైన ముతక ఇసుక అని ఉంటుంది. సన్నటి ఇనుప చువ్వ గుచ్చి చూస్తే ఇసుక ఎక్కడ ఆగి కంకర మొదలైందో చేతికి తెలుస్తుంది. నీళ్లు పైనే నిలవడానికి మామూలు కారణాలు మూడు. ముందు పూడిక తొట్టి కట్టకుండా రోడ్డు నీటిని నేరుగా వదలడంతో మట్టి, చమురు జిగురు ఇసుక మీద పేరుకోవడం ఒకటి. దీనికి పైన పది సెంటీమీటర్ల ఇసుక తీసి కొత్తది వేస్తే చాలు. అయితే తొట్టి కట్టకపోతే వచ్చే ఏడు మళ్లీ ఇదే. రెండోది ఇసుక బదులు క్రషర్ డస్టు పోయడం. మూడోది మీ ప్రాంతంలో ఎక్కువగా కనిపించేది, షీట్ రాక్. మీటరు, మీటరున్నరకే బండ తగిలితే అక్కడితో ఆపేసి, ఎం-బుక్‌లో పూర్తి లోతు రాసేస్తారు. బండ మీద కట్టిన గుంత నీళ్ల తొట్టి అవుతుంది, ఇంకుడు గుంత కాదు. లోతు తేడా తేలితే అది బిల్లు తేడా కూడా. కొలతలు, తేదీతో ఫొటోలు జతచేసి కమిషనర్‌కు లిఖితంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.

లోపాల బాధ్యత గడువు ఇలాంటి పనులకు తరచుగా రెండేళ్లు. మీ గుంతలు గత ఏడాదివి కాబట్టి ఇంకా లోపలే ఉండవచ్చు. ఫిర్యాదు గడువు దాటకముందే చేరాలి. దాటాక పట్టి ఉంచిన డిపాజిట్టు కాంట్రాక్టరుకు తిరిగి వెళ్లిపోతుంది, మరమ్మతు ఖర్చు మళ్లీ మున్సిపాలిటీ మీదే పడుతుంది.